కుడివైపు వెనక పిన్ను

బాపు పోయాక పిట్టకు పెట్టిన రోజు, విస్తరి చుట్టూ చుట్టాలంతా నిలబడి ఉండగా మా అన్న నోటి నుంచి వచ్చిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆడిపిల్ల చేతికి గ్రీజు గన్ను ఇస్తే గిట్లనే అయితది."

మేనత్త కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పటిదాకా రాని కాకి, ఆ మాట కోసమే ఆగినట్టు, వచ్చి ముద్ద ముట్టింది.

బాపు పికప్‌లో చెరుకు నింపుకుని బోధన్ వైపు పోతుంటే, నిజాంసాగర్ కాలువ కట్ట మీద కుడివైపు వెనక, బరువు మోసే కమాన్ పట్టీ విరిగి బండి ఒరిగింది. బాపు బతకలేదు. బండికి గ్రీజు కొట్టే పని చిన్నప్పటి నుంచి నాదే. అన్నకు చేతికి మరక అంటితే గిట్టదు. కొట్టానని చెప్పాను. నమ్మినవాళ్లు లేరు.

బండి నిజామాబాద్‌లో మా ఇంటి వెనక రేకుల కింద ఉండిపోయింది. ఈ వేసవిలో అన్న దాన్ని తుక్కు వాళ్లకు అమ్మేందుకు మాట్లాడాడు. కుడివైపు వెనక పిన్ను ఊడదీసి చూశాకే బండి గేటు దాటాలని పట్టుబట్టాను. కమాన్ పట్టీ చివరను ఛాసీకి పట్టి ఉంచేది ఆ పిన్నే. గ్రీజు అందకపోతే తుప్పుతో బిగుసుకుంటుంది, పట్టీ కదల్లేక విరుగుతుంది. నేను కొట్టిన గ్రీజు దాని మీద ఉండి తీరాలి.

మా బండిని మొదటి నుంచి చూసిన మెకానిక్ చాచా వంగి చూసి పెదవి విరిచాడు.

"గ్యాస్ పెట్టి కోసేద్దాం బేటీ. చాయ్ తాగేలోపు అయిపోతది."

"వద్దు చాచా. మంట తగిలితే లోపలి గ్రీజు కాలిపోతది."

"గ్రీజే కావాల్నా? డబ్బా కొనిస్త తియ్!"

నేను నవ్వలేదు. "మీ బాపు కూడ గిట్లనే మొండి" అని గొణిగి డీజిల్ పోసి నానబెట్టాడు.

మర్నాడు పొద్దున సమ్మెట అందుకున్నాడు. పట్టీల సందుల్లో ఎండిన చెరుకాకు ముక్కలు, నల్లగా గట్టిపడిన రసం. దెబ్బ పడ్డప్పుడల్లా క్యాబిన్‌లో డ్రైవర్ సీటు స్ప్రింగు కిర్రుమనేది, బాపు ఎక్కి కూర్చున్నప్పటి చప్పుడే. మొదటిసారి నేను ఉలిక్కిపడి తిరిగాను. తర్వాత చాచా సమ్మెట దించి ఊపిరి తీసుకుంటుంటే, దెబ్బ లేకుండానే కిర్రుమంది. ఈసారి ఆయన తిరిగాడు.

"గాలి" అన్నాడు.

ఆకు కూడా కదలడం లేదు.

చివరికి పిన్ను అరుస్తూ బయటికి వచ్చింది. ఎర్రటి తుప్పు. చాచా గుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టాడు.

"గిది పిన్ను కాదు బేటీ, ఉత్త బోల్టు. గ్రీజు పారే గాడి లేదు దీనికి. నువ్వు కొట్టిందంతా గీ రంధ్రం కాడనే ఆగింది, సూడు."

రంధ్రం నిండా గ్రీజు, నల్లగా, రాయిలా. నాదే. గొంతెత్తి అన్నను పిలవబోయాను.

అప్పుడు చాచా అరచేతిలో, బోల్టుతో పాటు ఊడి వచ్చిన వాషర్ కనబడింది. నూనె డబ్బా రేకును గుండ్రంగా కోసింది. అంచు చుట్టూ లోపలికి మడిచి ఉంది. చిన్నప్పుడు రేకు గీరి నా వేలు తెగిన నాటి నుంచి బాపు ఏ రేకు కోసినా అంచు మడిచేవాడు. చెరుకు కొట్టే రోజుల్లో బండి ఆగకూడదని దొరికిన బోల్టు బిగించుకుని ఉంటాడు.

అన్న మెట్ల మీది నుంచే అడిగాడు. "పిన్ను ఎల్లిందా? గ్రీజున్నదా మరి?"

చాచా నోరు తెరిచాడు. నేను ఆయన వైపు చూశాను.

"లేదన్నా. ఎండిపోయి ఉంది."

"నేను చెప్పలె?"

ఆ మాటా గుర్తు పెట్టుకున్నాను.

బండి వెళ్లిపోయింది, బోల్టుతో సహా. రేకు ముక్క నా దగ్గరుంది. అన్న మీద కోపం పిసరంతైనా తగ్గలేదు. ఇప్పుడు బాపుతోనూ తేల్చుకోవలసింది ఒకటుంది. పిన్ను మార్చిన సంగతి నాకెందుకు చెప్పలేదు?

పొద్దున వాకిలి ఊడుస్తూ వెనక వైపు వెళ్తే, ఖాళీ రేకుల కింద సీటు కిర్రుమంటుంది. తిరిగి చూడను. ఊడుస్తూనే అడుగుతాను.