మల్లడి పాలపన్ను

మొగుడి పేరు నోటితో అనకూడదని మా అత్త లింగమ్మ నేర్పింది. రాయకూడదని మాత్రం చెప్పలేదు. తన ఇంట్లో రాసే ఆడది ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు మరి. అందుకే రాస్తున్నాను. మా ఆయన పేరు రామనర్సయ్య. మాది పాలకీడు, గొర్రెలు కాసే ఇల్లు. నేను చదివింది రెండో తరగతి, అది కూడా సగమే. ఈయన సంగతి రాయడానికి ఆ చదువు చాలు. ఓపికే ఎక్కువ కావాలి, అది నా దగ్గర ఎప్పుడూ లేదు.

సాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో కృష్ణా, గుంటూరు వైపు రైతులు వచ్చి మా చుట్టుపక్కల భూములు కొన్నారు. వాళ్లతో పాటు గుర్రాలంత ఎత్తున్న తెల్ల ఎడ్లు వచ్చాయి. ఎడ్ల వెంట బండలాగుడు పందేలు వచ్చాయి. ఎడ్ల జతను కాడికి కట్టి, కాడికి గొలుసు వేసి, గొలుసుకు పెద్ద రాతిబండ కడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. ఎద్దు పొలం దున్నుతుంది, బండి లాగుతుంది, బాగానే ఉంది. ఎవరికీ పనికిరాని రాయిని అటూ ఇటూ ఈడ్వడం ఏమిటో నాకు ఈనాటికీ తలకెక్కలేదు.

మా ఆయనకు ఎక్కింది.

ఆ ఎండాకాలం ఎరువు కోసం మా మందను నరసింహారావు గారి చేలో పడుకోబెట్టాం. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతు. పొద్దున్నే ఆయన మనుషులు ఎడ్లకు బండ లాగడం నేర్పుతుంటే మా ఆయన గట్టు మీద నిలబడి చూశాడు. చూసినవాడు ఊరుకోవచ్చు కదా? ఎడమవైపు ఎద్దు బరువంతా పక్కదాని మీదికే తోస్తోందని అన్నాడు. నరసింహారావు గారు నవ్వారు.

"గొర్రెలు కాసుకునేవాడివి, నీకెందుకయ్యా ఎడ్ల సంగతి? మీ వైపు ఎడ్లు బండను చూస్తేనే పడుకుంటాయి!"

కోపంతో అన్న మాట కాదది. అన్నాక చెంబెడు మజ్జిగ కూడా ఇప్పించారు. మజ్జిగ దిగింది గానీ, 'మీ వైపు' అన్న మాట దిగలేదు. గొంతులో ముల్లు గుచ్చుకున్నవాడిలా ఇంటికి వచ్చాడు. వారం తిరగకుండానే సగం మందను సూర్యాపేట అంగడికి తోలుకుపోయి, రెండు కోడెదూడలతో తిరిగొచ్చాడు.

"గొర్లేవయ్యా?" అన్నాను.

"ఇగో, ఇవే."

"ఇవి గొర్లా? కండ్లు గిట్ల పోయినయా నీకు?"

"నీకేమెరుకనే! జర ఆగి సూడు. కోదాడల బండ లాగినప్పుడు నువ్వే మురుస్తవ్."

"వీటికేం పెడతవ్?"

"ఉలవలు."

"పిల్లలకు?"

అప్పటికే వాటికి మల్లడు, గంగడు అని పేర్లు పెట్టడంలో మునిగిపోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో రాజ్యం వాటిదే. మాకు జొన్న గట్క, వాటికి ఉడకబెట్టిన ఉలవలు. కోడి గుడ్డు పెడితే, కోడెలకు తాగించడానికి పిల్లల కన్నా ముందు ఆయన చెయ్యి పడేది. ఒకసారి చిన్నదానికి జ్వరం వస్తే మిర్యాలగూడ దవాఖానలో మందు తెమ్మని పంపాను. సాయంత్రానికి కోడెలకు పెట్టే పల్లిచెక్క మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మందేదంటే నాలుక కరుచుకున్నాడు. ఆ రాత్రి ఆ మూటను నేను కాలువలో వేయలేదంటే, అది బరువుగా ఉండటం వల్లే.

రెండేళ్లు భరించాను. డెబ్బై ఒకటి ఉగాదికి కోదాడలో పందెమని తెలిసి, హుజూర్‌నగర్‌లో ఉండే మా అక్క బాలమ్మను పిలిపించి పంచాయితీ పెట్టాను. కోడెలు గెలిస్తే ఉంటాయి. గెలవకపోతే సూర్యాపేట అంగడికి పోతాయి, వాటి స్థానంలో గొర్రెలు వస్తాయి. మల్లన్న దేవుడి పసుపు ముట్టుకుని ఆయన ఒట్టేశాడు.

ఒట్టు మీద ఉన్న నమ్మకం మనిషి మీద లేక నేనూ కోదాడకు వెంట నడిచాను. దారిలో హుజూర్‌నగర్‌లో అక్క ఇంట్లో పడుకున్నాం. తెల్లవారుజామున చూద్దును కదా, ఈయన మల్లడి నోట్లో చెయ్యి పెట్టి ఉన్నాడు.

"ఏం చేస్తున్నవయ్యా?"

"పన్ను ఊగుతున్నది. మేత నములుతలేడు పాపం."

మా గొల్లవాళ్లకు ఇది అలవాటే. గొర్రెపిల్ల పాలపన్ను ఊగుతూ మేత మేయకపోతే వేళ్లతో పట్టి ఊడదీసేస్తాం. ఈయనా అలాగే లాగేశాడు. అంతటితో ఆగలేదు. ఆ పన్నును పేడలో చుట్టి అక్క ఇంటి పెంకుల మీదికి విసిరాడు, పసిపిల్లల పన్ను విసిరినట్టు! మా ముగ్గురు పిల్లల పళ్లూ విసిరింది నేను. ఒక్కసారి కూడా ఆ మనిషి ఇంటి కప్పు వైపు తలెత్తి చూసింది లేదు.

కోదాడలో బరి పక్కన ముందు ఎడ్ల నోళ్లు చూస్తారు. వయసు పళ్లలో తెలుస్తుంది కదా. పాలపళ్ల కోడెలకు చిన్న బండ, రెండు పెద్ద పళ్లు వచ్చినవాటికి పెద్ద బండ. ఈయన పాలపళ్ల జతల్లో పేరు ఇచ్చి ఉన్నాడు. పళ్లు చూసే పని నరసింహారావు గారిదే. మల్లడి పెదవి ఎత్తి చూశారు. ముందు వరసలో ఎర్రటి సందు.

"ఇదేంటయ్యా రామనర్సయ్యా? ఈ పన్నేమైంది?"

"నేనే పీకిన సారూ, పొద్దుగాల."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నాకు అప్పటికి అర్థం కాలేదు. పక్కనున్న ఒకాయన చెప్పాడు: పెద్ద పన్ను వచ్చిన ఎద్దును చిన్న బండకు కట్టాలని కొందరు దొంగలు ఆ పన్ను పీకేసి, పాలపన్ను ఊడిందని చెబుతారట. ఆ పని దొంగచాటుగా చేస్తారు. మా ఆయన తానే చేశానని ఛాతీ విరుచుకుని చెబుతున్నాడు!

"పాలపన్నే అయితే చూపించు. ఏదీ?"

"హుజూర్‌నగర్‌ల ఉన్నది."

"హుజూర్‌నగర్‌లో ఎక్కడ?"

"మా వదినె ఇంటి మీద."

ఈసారి నవ్వు బరి అవతలి దాకా పోయింది. నేల చీలితే దూరిపోదామనిపించింది. "గొర్రెలోళ్ల తెలివి!" అని ఎవరో అరిచారు. నరసింహారావు గారు మాత్రం నవ్వలేదు. పన్ను లేనిదే చిన్న బండకు ఒప్పుకోనని, జతను పక్కకు తప్పించి ఇంటికి పొమ్మని చెప్పారు.

మా ఆయన కోడెల వీపు నిమిరాడు. తర్వాత, "పెద్ద బండే కట్టుండ్రి సారూ," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఉన్న కాస్త ఆశా అక్కడే ఖతం. ఆ బండను వయసొచ్చిన ఎడ్లే ఆయాసపడుతూ లాగుతున్నాయి. "నీకు పిచ్చిలేసిందా, ఇంటికి పోదాం పా!" అని కేకేశాను. విననట్టే కాడి ఎత్తాడు.

ఆయన చర్నాకోల ఎత్తలేదు. గొర్రెలను పిలిచినట్టే నాలుకతో చప్పుడు చేస్తూ ముందు నడిచాడు. బండ కదిలింది. ఇంతసేపూ నవ్విన గుంపులోంచి మా వైపు ఊళ్ల వాళ్లు ఒక్కొక్కరే ఈల వేయడం మొదలుపెట్టారు. హుజూర్‌నగర్ షావుకారు వీరయ్య, మమ్మల్ని ఏనాడూ దుకాణం మెట్టు ఎక్కనివ్వని వీరయ్య, రుమాలు గాలిలో తిప్పుతూ "మన రామనర్సయ్యరా! మన కోడెలురా!" అని గొంతు చించుకున్నాడు. ఆ 'మన' ఎక్కడి నుంచి ఊడిపడిందో గానీ, మర్నాడు తిరుగుదారిలో ఉప్పుకు పోతే మళ్లీ మెట్టు కిందే నిలబెట్టాడు.

గెలవలేదు. ఐదు జతల్లో మూడోదిగా నిలిచాం. నరసింహారావు గారు వచ్చి కోడెల మెడలు తడిమి, "పడుకోలేదయ్యా నీ ఎడ్లు," అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఆయన ముఖం దీపం పెట్టినట్టయింది. అంతలో నన్ను చూశాడు. దీపం ఆరింది.

ఒట్టు సంగతి నేను గుర్తుచేయాల్సిన అవసరం రాలేదు. కోడెలను తానే సూర్యాపేటకు తోలాడు. నన్ను రావద్దన్నాడు. గొర్రెలను తోలుకొచ్చి, లెక్క చూసుకోమని నా ముందు నిలబెట్టి, కోడెల కట్టుకొయ్య దగ్గరికి పోయి కూర్చున్నాడు. కొయ్యకు తాళ్లు అలాగే ఉన్నాయి. చాలా రోజులు నేనూ విప్పలేదు.

మాట నెగ్గింది, పోనీలే అనుకున్నాను. ఎండాకాలం వచ్చింది. గుడ్లు మళ్లీ తగ్గుతున్నాయి. ఏ కుక్క తింటోందోనని ఒకరోజు కాపు కాశాను. ఈయన కొట్టం వెనక కూర్చుని కొమ్ములు తిరిగిన నల్ల పొట్టేలుకు గుడ్డు తాగిస్తున్నాడు. దాని మెడలో గంట, కొమ్ములకు నూనె.

"ఏందయ్యా ఇది?"

"గొర్రెనే గదనే. నువ్వే తెమ్మంటివి."

"గంటేంది? గుడ్డేంది?"

"వచ్చే ఉగాదికి మిర్యాలగూడల పొట్టేళ్ల పందెమట." నా ముఖం చూడకుండా పొట్టేలు దవడ పట్టుకుని నోరు తెరిచాడు. "ఈ పన్ను జర ఊగుతున్నట్టున్నది…"

"ఆ పన్ను ముట్టినవంటే నీ చెయ్యి ఇరగ్గొడత!" అన్నాను.