ఊరుకో అన్న మాట

నా చిన్నప్పుడు మేం కువైట్‌లోని ఖైతాన్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. నాన్న కార్లకు రంగులు వేసేవాడు. ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, నా ఇఖామా, గడువు దాటిపోవడంతో మూడో తరగతిలోనే నా చదువు ఖలాస్. బడి లేదని ఎగిరి గంతేశాను గానీ, గడప దాటి బయటికే పోకూడదని తర్వాత తెలిసింది.

ఆ గదిలోకే ఒక అక్క వచ్చి చేరింది. వాళ్లది మా కడప పక్క ఊరే. పనిచేసే ఇంటి యజమానురాలు, ఇక్కడ పనివాళ్లు 'మామా' అని పిలిచే ఆమె, చెయ్యి చేసుకుంటోందని పారిపోయి వచ్చింది. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరే ఉండిపోయింది. ఆమె మా దగ్గర దాక్కుందని కింద కాపలా ఉండే హారిస్‌కు తెలిస్తే ఆమెతోపాటు మేమూ పోలీసుల పాలే. అందుకని అక్క తుమ్మినా దిండులోకే తుమ్మేది.

ఒక మధ్యాహ్నం ఊరి నుంచి వచ్చిన ఒకాయన, అక్క వాళ్లమ్మ పోయిందని చెప్పి వెళ్లాడు. అక్క నోరు తెరిచిందో లేదో, పక్క గది పెద్దమ్మ పరుగున వచ్చి కొంగు అడ్డం పెట్టింది.

"ఊరుకో పాపా, ఊరుకో! కింద హారిస్ ఇంటాడు."

ఓదార్చడానికి మనవాళ్ల నోట ముందుగా వచ్చేది ఆ మాటే. ఆ రోజు మాత్రం అది కొంగు కన్నా గట్టిగా ఆమె నోరు మూసింది. అక్క ఏడుపంతా లోపలికే మింగేసింది.

మా అమ్మ పెద్దమ్మను పంపించి, గడియ పెట్టి, మిక్సీ వేసింది. అది తిరిగితే మేడంతా అదిరేది.

"అమా, దాంట్లో ఏమీ ల్యాదు!" అని అరిచాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

"నువ్వు ఊరుకోవే!" అని నన్ను కసిరి, అక్కను ఒళ్లోకి లాక్కుంది. "ఏడ్సు తల్లీ. మీయమ్మ కోసం గట్టిగా ఏడ్సు. ఎవురికీ ఇనపడదు."

అక్క ఏడ్చింది. వాళ్లమ్మ చేతి వంట మొదలుకొని ఒక్కొక్కటీ తలుచుకుంటూ, శవం ఎదురుగా ఉన్నట్టే ఏడ్చింది. కాలిన వాసన వచ్చేదాకా అమ్మ మిక్సీ ఆపలేదు. నాన్న అడిగితే, పసుపు కొమ్ములు వేశానంది.

అక్క మరో ఐదు నెలలు ఆ గదిలోనే మగ్గింది. కానీ అంతవరకూ సరిగా ముట్టని అన్నం ఆ రోజు తర్వాత ఆమెకు సహించింది.

నాకిప్పుడు యాభై దాటాయి. ఇంకా ఈ కువైట్‌లోనే ఉన్నాను, ఇంకా వాగుతూనే ఉన్నాను. ఎవరికైనా ఇంటి నుంచి చావు కబురు వస్తే మాత్రం వెళ్లి, "ఊరుకో" అని అనను. తలుపు మూసి, పక్కన కూర్చుని, "ఏడ్సు, నేనుండా" అంటాను.