వరండా దాటని కాగితం

దొడ్డమ్మ పోయిందన్న సంగతి నాకు ఐస్ లారీ డ్రైవరు చెప్పాడు. భీమవరంలో టీ కొట్టు దగ్గర కనిపించి, "మీ పాత వీధిలో దొడ్డమ్మగారు పోయారంట కదండీ. నాలుగు రోజులైందంట," అన్నాడు. పన్నెండేళ్ళు ఒకే రొయ్యల ఫ్యాక్టరీలో చేసిన మనిషి ఆవిడ. ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక పూలదండ కూడా వెళ్ళలేదని విన్నాక ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి కూర్చున్నాక, అలా మండిపడే హక్కు నాకెంత ఉందా అని ఆలోచించాను. పెద్దగా ఏమీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. వీధిలో అందరికీ దొడ్డమ్మే. ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళందరికీ పెద్ద దిక్కు. అక్కడే ల్యాబులో పరీక్షలు చేస్తూ, వచ్చే పోయే ఇంగ్లీషు కాగితాలు చూసే ఉద్యోగం నాది. "పొద్దస్తమానం ఆ రొయ్యని అలా చూత్తావేంట్రా, పెళ్ళిచూపులా ఏంటి?" అని నన్ను ఏడిపించేది. తను మాత్రం రొయ్య ముట్టేది కాదు. రోజంతా దాని వాసనలోనే ఉంటాను, ఇంక కంచంలో కూడా ఎందుకు అనేది.

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడేది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషినీ ఆపి, "ఏదీ, చేతులు చూపించు," అనేది. గంటల తరబడి ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిస్తే వేళ్ళు నాని పాలిపోతాయి. రొయ్య తల మీది ముల్లు గుచ్చుకున్న చోట చీము పడుతుంది. గ్లౌజులు ఇప్పించండి మహాప్రభో అని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఆర్డరు పెట్టాం, వస్తున్నాయి అనేవారు. ఏ నడక నడుచుకుంటూ వస్తున్నాయో మరి. అవి వచ్చేలోగా చేతులు ఊరుకోవు కదా. మందుల షాపులో అడిగి ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు కొని బొడ్లో దోపుకునేది. మధ్యాహ్నం తిండి అయ్యాక ఒక్కొక్కరిని పిలిచి పుండ్ల మీద రాసేది. "ఇంటికెళ్ళి పిల్లలకి అన్నం కలిపెట్టాల్సిన చేతులే ఇవి," అంటూ రాసేది. తన చేతులు ఆఖర్న. ట్యూబులో మిగిలితేనే.

మా రొయ్యలు యూరప్ వెళ్ళేవి. కొన్ని యాంటీబయాటిక్ మందుల జాడ కూడా రొయ్యలో ఉండకూడదని అక్కడి ప్రభుత్వాలు కట్టడి చేశాయి. నేను దాన్ని తప్పనను. తినేవాళ్ళ మంచి కోసం పెట్టిన నియమం అది. మన ప్రభుత్వ శాఖ ఆ నియమాల కాగితం మాకు పంపింది. పనివాళ్ళు చేతులకు రాసుకునే ఆయింట్‌మెంట్లలో కూడా ఈ మందులు ఉండవచ్చు, జాగ్రత్త పడండి అని రెండో పేజీలో ఉంది. అంతా ఇంగ్లీషులో. నేను చదివాను. మేనేజరుగారికి చూపిస్తే, "అది రొయ్యల చెరువుల వాళ్ళ గొడవయ్యా, ఫైల్లో పెట్టు," అన్నారు. పెట్టాను. అన్ని సముద్రాలు దాటి వచ్చిన నియమం నా టేబులుకీ షెడ్డుకీ మధ్యనున్న వరండా దాటలేదు. ఇరవై అడుగులు నడిచి, ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పి రావాలన్న బుద్ధి డిగ్రీ చదివిన నాకు పుట్టలేదు.

యూరప్ పంపిన ఒక కంటైనర్ వెనక్కి వచ్చింది. రొయ్యలో మందు ఉందన్నారు. కారణం రాసి పంపమని కొన్నవాళ్ళు పట్టుబట్టారు. ఫ్యాక్టరీ అంతా వెతికారు. దొడ్డమ్మ బొడ్లో ట్యూబు దొరికింది. అంతే, అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఆ మందు ఏ చెరువులోంచి వచ్చిందో, ఏ ట్యూబులోంచి వచ్చిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు. చెరువుల్లో బకెట్లతో మందులు గుమ్మరించిన పెద్దమనుషులు మేనేజరు గదిలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. దొడ్డమ్మ గుమ్మం అవతల నిలబడింది.

"తినేవాళ్ళకి పడదంటే నేనెందుకు రాత్తానండి? రాయకూడదని నాకు చెప్పిన మనిషెవరో చూపించండి. ఇప్పుడే ఎళ్ళిపోతాను," అంది.

నేను నేల చూశాను. ఆవిడ్ని ఆ రోజే పనిలోంచి తీసేశారు. యూరప్ వాళ్ళకి పంపే రిపోర్టు మేనేజరుగారు చెబుతుంటే నేనే రాశాను. నియమం తెలిసి కూడా కార్మికురాలు నిర్లక్ష్యం చేసిందని రాశాను.

సాయంత్రం దొడ్డమ్మ మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"అందులో నా గురించి ఏం రాశావో తెలుగులో చెప్పరా."

"ఏదో పొరపాటు జరిగిందని రాశాం దొడ్డమ్మా."

"ఎవరి పొరపాటని?"

నేను వీధిలోకి చూశాను. ఆవిడకి అర్థమైపోయింది. "పని పోతే పోయింది. తెలిసి చేశానని మాత్రం ఉండకూడదు నాన్నా. అది ఒక్కటీ మార్పించు," అంది. అలాగే అన్నాను. మార్పించలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంత పచ్చిగా చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆవిడ నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, పలకరించడం మానలేదు, పులుసు పెట్టిన రోజు మాకో గిన్నె పంపడం కూడా మానలేదు.

కొన్ని నెలలకి విదేశాల నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ఏళ్ళ తరబడి రాని గ్లౌజులు ఒక్క రోజులో వచ్చాయి. గోడలకి టైల్స్ పడ్డాయి. గేటు పక్కన తెలుగులో పెద్ద బోర్డు కూడా రాయించారు. అప్పటికి దొడ్డమ్మ ఆ గేటు బయటే జామకాయల గంప పెట్టుకుని కూర్చునేది. లోపలికి రానివ్వద్దని వాచ్‌మన్‌కి ఆర్డరు.

ఒకరోజు పొద్దున కొత్తగా చేరిన ఆడవాళ్ళు గేటు తెరిచేదాకా బయట నిలబడి ఉన్నారు. చాలామందికి చదువు రాదు. బోర్డు వైపు చూసి ఊరుకుంటున్నారు. దొడ్డమ్మ గంప దగ్గర నుంచి లేచింది. పమిటతో మొహం తుడుచుకుని, బోర్డు ముందుకు వెళ్ళి, వేలు చూపిస్తూ, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివింది. "చేతులకు ఏ మందూ రాసుకుని లోపలికి రాకూడదు. పుండ్లు ఉన్నచో ముందుగా సూపర్‌వైజరుకు చెప్పవలెను." నేను ల్యాబు కిటికీ దగ్గర నిలబడి విన్నాను. చదవడం అయ్యాక ఆవిడ వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసింది.

"తెలిసిందా అమ్మాయ్? ఎనకున్నోళ్ళకి ఇనపడిందో లేదో. ఇంకోసారి చదువుతాను, ఇనండి," అని మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.