కొండ పట్టేంత చోటు

ఆత్మకూరు–ఉదయగిరి బస్సు కండక్టరు పెంచలప్రసాద్ కంటికి గిట్టనిది ఒక్కటే, ఖాళీ. ఇద్దరి మధ్య జానెడు సందు కనిపిస్తే చాలు, "జరగండయ్యా, ఇంకో మనిషి పడతాడు" అంటాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. కూతురు కొనిచ్చిన ఫోను చేతికొచ్చాక ఆ జబ్బు ఫొటోలకీ పాకింది. ఎవరిని తీసినా భుజాలు రాసుకునేదాకా జరిపేవాడు, దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి కూరేవాడు. తలల పైన ఆకాశం ఉండేది కాదు. ఒక్కోసారి తలలే ఉండేవి కావు.

రోజూ అదే బస్సులో ఆత్మకూరు స్టూడియోకి పనికి పోయే జెస్సీ ఆ ఫొటోలు చూసి పడీపడీ నవ్వింది.

"అంకుల్, ఇవి ఫొటోలా, పెళ్ళిళ్ళ సీజన్లో బస్సులా?"

ఆ పిల్లే అతని ఫోన్లో గీతలు పెట్టింది. తెర మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు. "మనిషిని నట్టనడుమ నాటొద్దు అంకుల్. గీత మీద నిలబెట్టండి. మిగతా చోటు అట్నే వదిలెయ్యండి, దానికీ ఒక పని ఉండాది" అంది.

ఖాళీకి పనేమిటో అతనికి బోధపడలేదు. కానీ పట్టిన పట్టు విడిచే రకం కాదు. నాలుగు నెలలపాటు బస్సు ఆగిన చోటల్లా డ్రైవర్ దయాసాగర్‌ని గీత మీద నిలబెట్టాడు. "నా పెళ్ళిలో కూడా ఇన్ని ఫొటోలు తీయలేదు గదరా" అని ఆయన తిట్టుకుంటూనే నిలబడేవాడు.

ఈ తంటా అంతా ప్రసాద్ వాళ్ళమ్మ చెంచులక్ష్మి కోసం. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఆమె ఏడవలేదు. కొడుకును మాత్రం ఒకటి అడిగింది.

"చూపుండంగానే మేము ముగ్గురం ఒక ఫొటోలో ఉండేది చూడాలిరా."

ముగ్గురంటే ఆమె, ఇద్దరు చెల్లెళ్ళు. తల్లి పోయేనాటికి చెంచులక్ష్మికి పదకొండేళ్ళు. ఒకదాన్ని చంకనేసుకుని, ఒకదాన్ని చేత్తో పట్టుకుని తనే పెంచింది. అయినా ముగ్గురే ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ముగ్గురు ఫొటో దిగితే నడిమి మనిషి పోతుందని వాళ్ళ భయం. ఎప్పుడు దిగినా నాలుగో మనిషిని పిలిచేవాళ్ళు. ఆ నాలుగో మనుషులు ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేదు.

కబురందగానే సంగం నుంచి ఆనందమ్మ, వరికుంటపాడు నుంచి పెంచలమ్మ దిగారు. మర్నాడు పొద్దున, ఎండ మొహాల మీద పడే వేళకు, ప్రసాద్ ముగ్గురినీ మిద్దె మీద పిట్టగోడ దగ్గర నిలబెట్టాడు. గొడవ అక్కడే మొదలైంది.

"నడుమ నేనుంటా. పెద్దదాన్ని, ముందు పొయ్యేది నేనేగా" అంది చెంచులక్ష్మి.

"ఏం మాటలక్కా అవి! మనవళ్ళ పెళ్ళిళ్ళు కూడా చూసినాను, నాకింకేం కావాల? నేనుంటా" అంది ఆనందమ్మ.

పెంచలమ్మ మాటామంతీ లేకుండా ఇద్దరి మధ్యా దూరింది. అక్కలిద్దరూ చెరో రెక్క పట్టుకుని ఆమెను బయటికి లాగారు.

ఒకరి బదులు ఒకరు పోతామని పోట్లాడుకుంటున్న ఆ ముసలమ్మలను చూస్తే ప్రసాద్‌కి నవ్వొచ్చింది. పాత ప్రసాద్ అయితే వీధి వీధినే మిద్దె ఎక్కించేవాడు. ఇప్పుడతను ఫోను ఎత్తి, గీతల్లోంచి చూస్తూ నాలుగడుగులు వెనక్కి వేశాడు. అప్పటిదాకా తలల చాటున ఉన్న ఉదయగిరి దుర్గం కొండ మొత్తం తెరలోకి వచ్చింది.

"అమ్మా, ఆనందమ్మ పిన్నమ్మా, మీరిద్దరూ ఎడం పక్కకి రండి. పెంచలమ్మ పిన్నమ్మా, నువ్వు ఆ కొసకి పో. నడుమ ఖాళీ వదలండి."

"ఖాళీ వదలమనేది నువ్వేనంట్రా?" అని చెంచులక్ష్మి ఆశ్చర్యపోయింది.

"ఎట్టా నిలబడినా ముగ్గురమే గదరా" అంది పెంచలమ్మ.

"ముగ్గురేంది? వెనక్కి తిరిగి చూడండి. నలుగురు. తలకాయలు లెక్కపెట్టేది కండక్టరుకే నేర్పిస్తారా?"

ముగ్గురూ తిరిగి కొండను చూశారు. చిన్నప్పుడు దాని మీద కట్టెలు ఏరుకున్నారు, సీతాఫలాలు తెంపుకుని తిన్నారు. బుద్ధిగా ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు.

పది రోజులకు జెస్సీ ఆ ఫొటోను కిటికీ అంత పెద్దది చేయించి బస్సులో పంపింది. చెంచులక్ష్మి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఒక చెల్లెల్ని చూసుకుంది, ఇంకో చెల్లెల్ని చూసుకుంది. తర్వాత ఆమె వేలు నడుమ ఉన్న కొండ మీద ఆగింది.

"నన్ను అక్కా అనేవాళ్ళే గానీ, నేను అక్కా అని పిలిచేదానికి ఎవరూ లేరనుకున్నాను గదరా ఇన్నాళ్ళూ" అంది. "ఇది మా వెనకాల్నే ఉండాదే."