ఎడమకు లాగే మలుపు

ఉదయం ఏడుంబావుకు హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కాను. తీరిక వేళల్లో నేను ఒక కారు పందెం కంప్యూటర్ ఆటకు పనిచేస్తాను. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది; ఎక్కడెక్కడివాళ్లో తలా ఒక ముక్క కలుపుతారు. ధర్మవరం నుంచి భాగ్యమ్మ అనే ఆమె, పెనుకొండ అవతలి ఒక గుట్ట దారిని కొలిచి, ఆటలో పెట్టమని పంపింది. మూడో మలుపులో ప్రతి కారూ ఎడమకు లాగి లోయలో పడుతోందని ఆటగాళ్లు గోల పెట్టారు. పొరపాటనుకుని నేను ఆ మలుపును చదును చేశాను. “అది పొరపాటు కాదు, వచ్చి చూడండి” అని రాసి, ఆమె మళ్లీ పలకలేదు.

పెనుకొండలో ఇడ్లీ తిని, తొమ్మిదికి ఆటో మాట్లాడుకున్నాను.

“ఆడ ఏముండాదని పోతాండావప్పా?” అన్నాడు డ్రైవర్.

ఆ దారి నేనెన్నడూ తొక్కలేదు. అయినా ఎర్ర బండ, విరిగిన మైలురాయి, ఒంటి తుమ్మ ఆటలో ఉన్న చోటే వచ్చాయి. మోకాళ్ల మీద నా చేతులు వాటంతటవే లేని స్టీరింగ్ తిప్పుతున్నాయి. మూడో మలుపులో డ్రైవర్ మాటలాపి, హ్యాండిల్ బిగపట్టాడు.

“ఈడ బండి మన మాట ఇనదు” అన్నాడు దాటాక.

దిగి వెనక్కి నడిచాను. పట్టపగలే, పిట్ట కూత కూడా లేదు. నీళ్ల సీసాను రోడ్డు మధ్య పడుకోబెట్టాను. కాసేపు కదల్లేదు. తర్వాత ఎవరో వేలితో తోసినట్టు మెల్లగా లోయవైపు దొర్లింది. పట్టుకోబోతే నా కాళ్లూ అటే జారుతున్నట్టనిపించి, ఉన్నచోటే కూలబడ్డాను. సీసా అంచు దాటింది. పడిన చప్పుడు వినబడలేదు.

ఆటోలో పెనుకొండకు తిరిగొచ్చి, బస్సులో ధర్మవరం చేరేసరికి ఒంటిగంట. భాగ్యమ్మ పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తుంది.

“మా తమ్ముడు ఆడ్నే పోయినాడన్నా. తాగి నడిపినాడని పోలీసోళ్లు రాసుకున్యారు. వాడు తాగడు. తాడు, వాలు చూసే రసమట్టం తీసుకోనిపోయి అడుగడుగూ కొలిచినా. ఎవురూ నమ్మలే. ఆటలో పడితేనన్నా తెలుస్తాదని పెడితే, మీరు చదును చేస్తిరి.”

ఆమె కంప్యూటర్‌లోనే నా మార్పు తీసేశాను. “దారి ఇలాగే ఉంది, నేను చూశాను” అని కింద రాశాను. ఆమె ఆట తెరిచి కారు నడిపింది. మూడో మలుపులో అది ఎడమకు లాగి లోయలోకి వెళ్లింది. ఆమె రెప్ప వేయలేదు.

“ఇప్పుడు సరిగ్గా ఉండాది” అంది.

సాయంత్రం నాలుగున్నరకు తిరుగు రైలు. పెనుకొండ దాటుతుండగా, ఆట ఆడిన ఏ దేశంవాడో నా రాత కింద అడిగింది ఫోన్‌లో కనబడింది: “ఇలాంటి దారి నిజంగా ఉందా?”

ఉందని, అక్కడ మెల్లగా వెళ్లమని రాశాను. ఈ ప్రాంతం పేరే వినని వాళ్లు ఇకమీదట ఆ మలుపు ముందు బ్రేకు నొక్కుతారు. అసలు దారి మీద మాత్రం హెచ్చరిక బోర్డు ఒక్కటీ లేదు.