అంచు కలిసే అచ్చు

“మనిషిని సగానికెందుకు నరికినవ్, ఐలేశం?”

1945 వేసవిలో నార్కట్‌పల్లిలో ఐలేశం ఇంటి అరుగు మీద కృష్ణయ్య అనే బడిపంతులు అడిగిన ప్రశ్న ఇది. ఆయన వచన కవిత్వం రాసేవాడు. వెట్టి మీద రాసిన పొడుగాటి కవితకు బొమ్మ కావాలనుకున్నాడు. పట్నం చిత్రకారుల దగ్గరికి పోయే స్తోమత లేక, చీరల మీద పూలూ చిలకలూ అద్దే చెక్క అచ్చులు చేసే ఐలేశాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. దీన్ని జానపద కళకూ ఆధునిక కవిత్వానికీ జరిగిన మహాసంగమమని రాసేవాళ్లు రాసుకోవచ్చు. చవకలో అవుతుందని వచ్చాడు, అంతే.

బేరం నిజాం సర్కారు హాలీ రూపాయల్లో పన్నెండు. నాలుగు బయానా, మిగతా ఎనిమిదీ బొమ్మ నచ్చితేనే. ఐలేశం ఇరవై రోజులు మరో పని ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేకు చెక్కను దీనికే వాడాడు. నెత్తిన మూటలతో దొర గడీకి నడిచిపోతున్న మనుషుల వరస చెక్కాడు. కాగితం మీద అద్ది చూస్తే కుడి అంచున ఒకడి వీపూ వెనక కాలూ మాత్రమే పడ్డాయి. వాడి ముఖమూ ముందు కాలూ ఎడమ అంచున తేలాయి.

“అంచు కలవాలె గద సారూ,” అన్నాడు ఐలేశం. ముప్పై ఏళ్లుగా అతను చెక్కిన ప్రతి అచ్చూ పక్కపక్కన అద్దినప్పుడు అతుక్కోవాల్సిందే. ఒక్కసారి అద్ది వదిలేసే బొమ్మ ఉంటుందని అతనికి తోచనే లేదు.

“ఇది చీర గాదయ్యా, పుస్తకం! మళ్ల చెక్కు.”

“చెక్క ఏడున్నది సారూ? నా ఇరవై దినాలు ఎవలిస్తరు?”

అద్దకం పని చేసే అతని భార్య మైసమ్మ రంగుగిన్నె పట్టుకుని బయటికొచ్చింది. “సారూ, గా కండువ జర ఇటియ్యుండ్రి.”

“కొత్తదమ్మా అది!”

“అందుకే గద, తెల్లగున్నది.”

కండువా పరిచి వరసగా తొమ్మిదిసార్లు అద్దింది. సగం మనిషి ప్రతిసారీ పక్క అచ్చుతో కలిసి నిండు మనిషయ్యాడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా మూటలే.

కృష్ణయ్య వంగి కండువా మీది మనుషులను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాడు. తర్వాత తన కవిత చదివి వినిపించాడు. చివరి చరణంలో ఎర్రటి సూర్యుడు లేచి అందరి బరువూ దించేస్తాడు.

“గీ సూర్యుడు ఏడికెల్లి వచ్చిండు?” అన్నాడు ఐలేశం. “నా కాడ ఇంక ఒక్క మూట గూడ దిగలె.”

ఆ కాలపు కవితల్లో సగం ఆ సూర్యుడితోనే ముగిసేవి. కృష్ణయ్యకు కోపమొచ్చింది, అయినా ఆ అరుగు మీదే కూర్చుని చరణం మొత్తం కొట్టేశాడు.

“బొమ్మ నచ్చింది. గిట్లనే ఉండనీ.”

కానీ ఆ వరస ఒక పేజీలో ఇమడదు. తెరిచేకొద్దీ సాగే మడత కాగితం కావాలి. యుద్ధపు రోజులు కావడంతో కాగితం నాలుగింతల ధర పలుకుతోంది. కృష్ణయ్య నూట యాభై ప్రతులకు కొన్నాడు. అక్షరాలు ప్రెస్సులో పడ్డాయి, బొమ్మను ఒక్కొక్క ప్రతి మీదా మైసమ్మే చేత్తో అద్దింది. ముగ్గురి పేర్లూ ఒకే సైజులో వేశారు. చదువురాని ఐలేశం పేర్ల జోలికి పోకుండా, మడతలు విప్పి ఒక్కో అతుకూ వేలితో తడిమి చూసుకున్నాడు.

నచ్చితే ఇస్తానన్న సొమ్ము కృష్ణయ్య కాగితానికే పెట్టేశాడు. ఐలేశానికి ఎనిమిది రూపాయలు ఇంకా రావాలి.