ముందటి సీట్ల పిల్లను కూసోపెట్టను

నా కార్ల ఎక్కేటోళ్లకు రెండే షరతులు. ఎవరైనా సరే, బెల్టు పెట్టుకోవాలె. నాలుగేండ్ల నా బిడ్డ వెనక సీట్ల తన కుర్చీలనే కూసోవాలె, ఎవ్వరి ఒళ్లోనూ కాదు. ఈ రెండు మాటలకు మా ఇంట్ల నాకు పేర్లు బాగానే పెట్టిన్రు. పోలీసమ్మ. బెల్టు మేడం. భయంపోతు. ఆఖరి పేరు నిజమే, కాదనను. పాప రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు తీస్త. అది పడుకున్నంక ఊపిరి సరిగ్గ ఆడుతున్నదా లేదా అని ముక్కు కింద వేలు పెట్టి చూస్త. ఇది రాస్తూ కూడ రెండుసార్లు లేచి చూసొచ్చిన. కానీ భయపడేదాని మాట వినక్కరలేదని ఎవరన్న అంటే మాత్రం ఒప్పుకోను. ఇంట్ల అందరికంటే ఎక్కువ భయపడేది నేనే కాబట్టి, అందరికంటే ఎక్కువ చూసేది కూడ నేనే.

నేను బీకాం చదివిన. ఉండేది కోరుట్లల, పని జగిత్యాలల. ప్రమాదమైన బండ్లను చూసి ఇన్సూరెన్సుకు రిపోర్టు రాసే ఒక సర్వేయర్ సారు దగ్గర చేస్త. సారు పోయి ఫోటోలు తీసుకొస్తడు. నేను వాటిని కంప్యూటర్ల వరుసగ పెట్టి కింద ఒక్కో వాక్యం టైపు చేస్త. ముందటి అద్దం పగిలింది. ఎడమ తలుపు లోపలికి వంగింది. బానెట్ మొత్తం పోయింది. మనుషుల సంగతి ఆ రిపోర్టుల ఉండదు. అది ఫోటోల మూలలల్ల ఉంటది. సీటు కింద చిన్న చెప్పు. మూత లేని పాలసీసా. సారు ఫోటో తీసింది డ్యాష్ బోర్డును, చెప్పును కాదు. నేను మాత్రం ఆ చెప్పునే చూస్త. అదే చెప్పు మా పాప కాలుకు సరిపోతదా అని మనసుల కొలుస్త. ఆ పని చేసొచ్చి సాయంత్రం మళ్ల అదే రోడ్డు మీద కారు నడుపుకుంట ఇంటికి రావాలె.

కారు మా ఆయన కొన్నడు. ఆయన దుబాయిల డ్రైవరు. పోయినసారి సెలవుకొచ్చినప్పుడు కొని, కొండగట్టుకు తీస్కపోయి పూజ చేయించి, నెల తిరగకముందే మళ్ల వెళ్లిపోయిండు. కారు నాకు మిగిలింది. అప్పటి సంది అక్కడి నుంచి సెలవుకొచ్చే ప్రతి మనిషి చేతిల నాకొక డబ్బా వస్తది. అత్తరు సీసాలు, ఖర్జూరాల నడుమ కారు సామాన్లు. టైర్లల్ల గాలి నింపే చిన్న మిషిను వచ్చింది, అది బంగారం. వారానికోసారి పొద్దున చల్లగ ఉన్నప్పుడే గాలి చూసుకుంట. ముందట రోడ్డును రికార్డు చేసే కెమెరా వచ్చింది. పెట్టిన, కానీ ముందటి అద్దం మధ్యల కంటికి అడ్డం రాకుండ, వెనక బండ్లను చూసే చిన్నద్దం చాటుకు పెట్టిన. ఫోను తగిలించే స్టాండు వచ్చింది. నేను దాన్ని దారి చూసుకోవడానికే వాడుత, మాట్లాడాలంటే పక్కకు ఆపుత. అద్దం పగులగొట్టి బెల్టు కోసే చిన్న సుత్తె ఒకటి వచ్చింది. దాన్ని ఇంట్లోళ్లు డిక్కీల పెట్టుమన్నరు. డిక్కీల ఉంటే లోపల ఇరుక్కున్నోళ్లకు ఎట్ల అందుతది? నా చెయ్యి అందేకాడ, తలుపు అరల పెట్టిన. నీళ్ల సీసా మాత్రం ముందట ఎక్కడా పెట్టను. ఒకసారి అది దొర్లి బ్రేకు కిందికి పోయింది. ఆ రోజు తర్వాత పెట్టలే.

ఒక డబ్బాల ఇంకోటి కూడ వచ్చింది. బెల్టు కొసకుండే ఇనుప నాలుక లాంటిదే, కానీ దానికి బెల్టు ఉండదు. బక్కిల్ల గుచ్చితే చాలు, బెల్టు పెట్టుకున్నరనుకొని బండి కుయ్ కుయ్ మనుడు ఆపేస్తది. మా అత్తమ్మకు వచ్చినవాటన్నిట్ల అదే నచ్చింది. "గీ ఒక్కటి మంచిది పంపిండు నా కొడుకు, తలకాయ నొప్పి తగ్గింది" అన్నది. మరుసటి రోజు దాన్ని నేను చెత్తబండిల వేసిన. అడిగితే చెత్తబండిల వేసిన అనే చెప్పిన.

పెద్ద గొడవ దాంతోని కాదు, అంజన్న దేవునితోని అయింది.

కొండగట్టుల పూజ అయినంక మా ఆయన అక్కడనే ఇత్తడి అంజన్న విగ్రహం కొన్నడు. అరచేయంత ఉంటది, చేతిల పట్టుకుంటే బరువు తెలుస్తది. డ్యాష్ బోర్డు మీద ఎడమ దిక్కు, ముందట కూసున్నోళ్లకు సరిగ్గ ఎదురుంగ, గట్టి గమ్ము టేపుతోని అంటించిండు. మా దిక్కు చూస్తే పది కార్లల్ల ఎనిమిది గిట్లనే ఉంటయి. అక్కడ చదునుగ ఉంటది, పూలు పెట్టడానికి వీలు. ఏడాది పాటు నేను కూడ రోజూ దండం పెట్టుకొనే బండి తీసిన.

ఒకరోజు ఆఫీసుల ఒక ఫోటోకు ఏం రాయాల్నో తెలియక సారును అడిగిన. ఎడమ సీటు తల ఆనించే దిండుకు ఇంత లోతు చీలిక. "విగ్రహం తగిలింది" అన్నడు సారు. నాకు అర్థం కాలే. ఆయన చాయ్ తాగుకుంట చెప్పిండు. "డ్యాష్ బోర్డు మీద ఎడమ దిక్కు చిన్న అక్షరాలుంటయి చూడమ్మా. ఎయిర్ బ్యాగు దాని కిందనే మడిచి ఉంటది. గుద్దుకుంటే రెప్ప కొట్టేలోపల ఆ మూత పగులగొట్టుకొని బయటికొస్తది. మూత మీద ఏది అంటిస్తే అది ఎదురుంగ ఉన్నోళ్ల మీదికి పోతది."

"ఒళ్లె పిల్ల ఉంటే సార్?"

"పిల్ల తలకాయ సరిగ్గ అదే ఎత్తుకు వస్తది" అన్నడు.

మా అత్తమ్మ పాపను ఒళ్లె పెట్టుకొని ఎప్పుడూ ఆ సీట్లనే కూసుంటది. పాప రెండు చేతులతోని అంజన్నను పట్టుకొని ఆడుకుంటది. నేను ఆ సాయంత్రం కారు నడుపుకుంట రాలే. సారుకు చెప్పి బండి అక్కడనే వదిలి బస్సుల వచ్చిన. రెండో రోజు జగిత్యాలల దుకాణం వెతికి పిల్లల కుర్చీ కొన్న. వెనక సీటుకు బెల్టుతోని బిగించి, మోకాలు పెట్టి అదిమి, కదుల్తలేదని చూసుకున్న. ఆదివారం నాడు హెయిర్ డ్రయ్యర్ పెట్టి గమ్మును వేడి చేసి, విగ్రహం కింద నైలాన్ దారం పెట్టి అటు ఇటు లాగుకుంట మెల్లగ కోసిన. అరగంట పట్టింది. మనసుల దండం పెట్టుకుంటనే ఉన్న. విగ్రహాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఇంట్ల దేవుని అర్రల పెట్టిన.

అత్తమ్మ చూసి రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నది. "నా కొడుకు పూజ చేయించి కూసోపెట్టిన దేవుణ్ని పీకినవా? నీ చేతులెట్ల ఆడినయే?"

"పీకలే అత్తమ్మా. ఇంట్లకు తెచ్చిన."

"ఇగ బండికి కావలి ఎవలు?"

"నేనున్న" అన్న. అన్నంక నాకే కొంచెం భయమైంది, కానీ వెనక్కి తీసుకోలే.

ఆ తర్వాతి వారం సిరిసిల్లల మా ఆడబిడ్డ ఇంట్ల ఫంక్షన్. ఆమె బిడ్డకు హాఫ్ శారీ. పొద్దున్నే చీరలు, పండ్ల బుట్టలు డిక్కీల పెట్టిన. పాపను కుర్చీల కూసోపెట్టి బెల్టు బిగించిన. మామయ్య వెనక ఎక్కిండు. అత్తమ్మ ముందట కూసొని చేతులు చాపింది.

"తే బిడ్డను."

"పాప వెనక కూసుంటది అత్తమ్మా. నువ్వు బెల్టు పెట్టుకో."

"గా ప్లాస్టిక్ కుర్చీలనా? మీ ఆయనను, ఆడబిడ్డను గీ ఒళ్లెనే పెంచిన. నా ఒడి కంటే గా కుర్చి ఎక్కువైందా నీకు?"

"ఎక్కువ కాదు. గట్టిది."

ఎదురింటామె వాకిలి ఊడ్సుడు ఆపి దగ్గరికే వచ్చింది. "ఏందే, పోరిని దొంగను కట్టినట్టు కట్టినవ్?" అని నవ్వింది. పాప కూడ నవ్వింది. నేను తాళం తిప్పలే. అత్తమ్మ, మామయ్య బెల్టు పెట్టుకునేదాక బండి కదలదని చెప్పిన.

మామయ్య వెనక నుంచి అందుకున్నడు. "కోరుట్ల నుంచి సిరిసిల్లకు జీపు టాపు మీద కూసోని పోయినం బిడ్డా. ఏమైంది? ఉన్నం గదా?"

మామయ్య నలభై ఏండ్లు కల్లు గీసిండు. పోయినేడాది దాక రోజుకు పది పన్నెండు తాటిచెట్లు ఎక్కిండు, తన నడుముకు చెట్టుకు కలిపి మోకు చుట్టుకొని. నా నోట్లె మాట ఆగలే. "మామయ్యా, మోకు లేకుండ మీరు ఒక్కనాడన్న చెట్టెక్కిన్రా?"

అది అంటే ఆయన ఒప్పుకుంటడని అనుకున్న. ఆయన మొఖం నల్లగైంది. "చెట్టెక్కుడు నాకు చెప్తున్నవా నువ్వు?" అన్నడు. తలుపు తీసి దిగిండు. అత్తమ్మ కూడ దిగింది.

"నాకు ఫ్రీ బస్సున్నది. ఆధార్ కార్డు చూపెట్టి దర్జగ పోత. గా బస్సుల నన్ను కట్టేసేటోడు లేడు" అని, మామయ్య చెయ్యి పట్టుకొని బస్టాండు దిక్కు నడిసింది. వాడ మొత్తం చూసింది. వెనకనే కారు పోనిచ్చి బతిమాలొచ్చు. దిగి కాళ్లు పట్టుకోవచ్చు. అద్దంల పాపను చూసిన. అది చెప్పు విప్పి చేతికి తొడుక్కుంటున్నది. తాళం తిప్పి కథలాపూర్ రోడ్డు పట్టిన.

రుద్రంగి దాటినంక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టిన్రు. ఎదురుంగ లారీ వస్తే ఆగి, అది పోయినంక కదిలిన. వేములవాడ కాడ జనం. అంతే. దారిల ఏమీ కాలే. బ్రేకు గట్టిగ వేసే పని కూడ పడలే. ఆ తర్వాత ఇంట్ల అందరూ నాకు అదే చూపెట్టిన్రు: "ఏమైంది, ఏం కాలే గదా, ఊకె లొల్లి వెట్టినవ్." నాకు కావాల్సింది ఏమీ కాని రోజే. నా మాట నిజమని చూపెట్టుకోవడానికి నా బిడ్డకు ఏదన్న కావాల్నా?

ఫంక్షన్ ఇంట్లకు నేను ముందు చేరిన. ఆడబిడ్డ గుమ్మంలనే అడిగింది, "అమ్మ, బాపు ఏరి?"

"బస్సుల వస్తున్నరు వదినా."

పక్క సందుల బట్ట నేసే సాంచాలు టకటక నడుస్తున్నయి. ఆ చప్పుడుల కూడ ఆమె మాట అందరికీ వినపడ్డది. "మా తమ్ముడు కారు కొన్నది మా అమ్మ బాపును బస్సెక్కియ్యడానికా?"

"నేనే తిప్పుత వదినా. రోజూ తిప్పుత. బెల్టు పెట్టుకుంటే చాలు."

"నీ బెల్టుకో దండం తల్లీ."

లోపల నుంచి ఒక పెద్దామె, "బెల్టు వెట్టుకుంటే సావు రాదా బిడ్డా?" అన్నది.

"వస్తదేమో అమ్మమ్మా. నా కార్ల మాత్రం ఎక్కనియ్య" అన్న.

అందరూ నవ్విన్రు. నా మీదనే నవ్విన్రు. బస్సు గంటన్నర ఆలస్యంగ వచ్చింది. అత్తమ్మ కాళ్లు వాచినయి. నీళ్లు కాగబెట్టి బకెట్ల పోసి ఆమె కాళ్ల ముందట పెట్టిన. ఆమె కాళ్లు పెట్టింది. క్షమించమని మాత్రం నేను అనలే. కాళ్ల నొప్పికి బాధపడ్డ, మాటకు కాదు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి పాపను కుర్చీల కూసోపెట్టి కార్ల ఎదురుచూసిన. అడగలే, పిలువలే. ముందు మామయ్య వచ్చిండు. వెనక తలుపు తీసి కూసొని సీటు సందుల్ల చేయి పెట్టి వెతికిండు. కొన్ననాటి నుంచి వెనక బెల్టు ఎవ్వరూ తీయలే, సీటు కవరు కింద పడి ఉన్నది. దుమ్ముతోనే బయటికి గుంజిండు. గుంజి రెండుసార్లు జాడించి లాగి చూసిండు. "గిదేడికి తగిలియ్యాలె?" అన్నడు నా మొఖం చూడకుండనే. చూపెట్టిన. తగిలించుకొని కండ్లు మూసుకున్నడు.

అత్తమ్మ చానా సేపు బయటనే నిలబడ్డది. ఆడబిడ్డ "ఉండవే అమ్మా, రేపు పో" అన్నది. పాప లోపల నుంచి "బాపమ్మా, రా!" అని కాళ్లు కొట్టుకున్నది. ఆమె ముందట ఎక్కింది. బెల్టు లాగి, "చీర మొత్తం నలుగుతది" అన్నది. తర్వాత, "నీ తృప్తికి వెట్టుకుంటున్న" అన్నది.

"నా తృప్తికే అత్తమ్మా" అన్న.

బండి కదిలినంక అత్తమ్మకు ఒళ్లె ఏమీ లేక చేతులు ఎక్కడ పెట్టాల్నో తోచనట్టు ఉన్నది. చందుర్తి దాటినంక ఒక చెయ్యి వెనక్కి పెట్టి పాప కాలి వేళ్లు పట్టుకున్నది. దిగేదాక వదలలే.

మారిపోయిందని అనను. తెల్లారి వాడల ఇంటింటికి పోయి కోడలు కట్టేసిన కథ చెప్పుకున్నది. మా ఆయనకు కూడ చెప్పింది. నిన్న ఆయన ఫోన్ చేసిండు. వచ్చే నెల సెలవుకు వస్తున్నడు.

"నేనొచ్చినంక బండి నేనే నడుపుత. అంజన్నను మళ్ల పెడుత. బిడ్డను నా పక్కపొంటి అమ్మ ఒళ్లె కూసోపెడుత. ఊకె లొల్లి వెట్టకు."

"అక్కడ బండెక్కంగనే బెల్టు పెట్టుకుంటవా లేదా?"

"గక్కడ ఫైనేస్తరే. గిక్కడ ఎవడడుగుతడు?"

"నేనడుగుత."

నవ్విండు. నవ్వనిచ్చిన.

"నువ్వే నడుపు" అన్న. "నీ బండి. కానీ పాప వెనక కుర్చీల, నేను దాని పక్కన. నువ్వు బెల్టు పెట్టుకోకపోయినా, పిల్లను ముందటికి గుంజినా, అక్కడనే దిగుతం ఇద్దరం. అడివైనా సరే."

"దిగినంక? బస్సు దొరకకపోతే?"

"నడుస్తం" అన్న. "నువ్వు పక్కపొంటి మెల్లగ నడుపుకుంట రా, ఊరంత చూస్తది."

ఆయన నవ్వుడు ఆపిండు. నేను ఫోను పెట్టేయలే. ఆయన సరే అనేదాక పట్టుకొనే కూసున్న.